చెన్నై వేలంలో తెలుగు కాగితం: పాటకు ముందు, పాటలో, పాట తర్వాత

చెన్నైలో ఒక పాత ఇంటి సామాను వేలానికి వచ్చిందంటే అందులో ఏదో ఒక మూల తెలుగు కాగితం ఉంటుంది. ఉండక తప్పదు. తెలుగు సినిమా దశాబ్దాల పాటు ఈ ఊళ్లోనే పెరిగింది. కోడంబాకం, వడపళని, సాలిగ్రామం, టి.నగర్ వీధుల్లోనే నిర్మాతల ఆఫీసులు, పోస్టర్లు గీసే చిత్రకారుల గదులు, స్టిల్ ఫోటోగ్రాఫర్ల చీకటి గదులు ఉండేవి. 1947 జూలైలో 'చందమామ' మొదలైంది కూడా మద్రాసులోనే. ఆ తర్వాత పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయింది. మనుషులు వెళ్లారు, కెమెరాలు వెళ్లాయి. అటకల మీది కాగితం మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఆ మిద్దెలు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. అటక దిగిన కాగితంలో చాలా భాగం కిలోల లెక్కన పాత పేపర్ల దుకాణానికి పోతుంది. కొద్దిపాటి మాత్రం వేలానికి వస్తుంది.

ఆ కొద్దిపాటిని గుర్తుపట్టి, సరైన ధరకు దక్కించుకుని, పాడవకుండా దాచుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పదిహేనేళ్లుగా నేను సెలవు రోజుల్లో చేస్తున్న పని ఇదే.

ముందుగా ఒక మాట. వేలం పట్టికలో ఇలాంటి సరుకు గురించి పెద్దగా వివరం ఉండదు. 'పాత సినిమా కాగితాలు, ఒక కట్ట' అని ఒక వరుస రాసి ఊరుకుంటారు. కట్టలో తమిళం, తెలుగు, కన్నడం, హిందీ అన్నీ కలిసి ఉంటాయి. పట్టిక రాసిన వారికి తెలుగు రాదు. హాల్లో కూర్చున్న వారిలోనూ తెలుగు చదవగలిగిన వారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మీరు చదవగలరు. ఈ ఊళ్లో మీకున్న అసలు పెట్టుబడి అదే. డబ్బు దాని తర్వాతే.

ఒక దారి ఎంచుకోండి

పోస్టర్లు, పాటల పుస్తకాలు, స్టిల్స్, గ్రామఫోను రికార్డులు, కొలువు బొమ్మలు, రేకు బొమ్మలు, తంజావూరు పటాలు: వేలం హాల్లోకి అడుగుపెడితే అన్నీ కావాలనిపిస్తుంది. మొదటి ఏడాది ఒక్కటే పట్టుకోండి. నన్నడిగితే పాటల పుస్తకాలతో మొదలుపెట్టమంటాను. చిన్నవి, మిగతా వాటితో పోలిస్తే చవక, ఇంట్లో పెద్దగా చోటు అడగవు. ఎనిమిదో పదహారో పుటలు. ముందు నటీనటుల పేర్లు, తర్వాత కథాసంగ్రహం, ఆ తర్వాత పాటలు. కథ సరిగ్గా ముడిపడే చోట ఆగిపోయి, మిగతాది వెండితెరపై చూడమంటుంది. సినిమా హాలు దగ్గర కొనుక్కుని, ఇంటికి వెళ్లాక పాటలు కంఠతా పట్టిన వాళ్ల చేతి గుర్తులు వాటి మీద ఇంకా ఉంటాయి. నచ్చిన చరణం పక్కన పెన్సిలు గీత, అట్ట మీద ఇంటిపేరు, చివరి పుటలో పాల లెక్క. ఇవి పుస్తకం విలువ తగ్గిస్తాయని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. వెలలో కొంత తగ్గినా సరే, నేను అలాంటి ప్రతినే కొంటాను.

ఇంకో లాభం ఉంది. వంద పుస్తకాలు చేతుల్లోంచి పోయాక కాగితం వయసు వేళ్లకే తెలిసిపోతుంది. ఆ వేళ్లతో తర్వాత పోస్టర్ల దగ్గరికి వెళ్లవచ్చు.

ఎక్కడ వెతకాలి

చెన్నైలో వేలం అనగానే మొదట చెప్పవలసిన పేరు ముర్రే అండ్ కంపెనీ. 1927లో మొదలైన సంస్థ అది. ఫర్నిచర్, గడియారాలు, పింగాణీ, పటాలు వచ్చే ఇలాంటి వేలాల్లో సినిమా కాగితం కూడా అప్పుడప్పుడూ కలిసి వస్తుంది. పేరున్న చిత్రకారుల బొమ్మలు, ఖరీదైన పోస్టర్లు ఎక్కువగా ముంబై సంస్థల ఆన్‌లైన్ వేలాల్లోకి వెళ్తాయి. సాఫ్రన్‌ఆర్ట్ 2000లో మొదలైనప్పటి నుంచీ ఆ దారి తెరుచుకుంది. వాటి పట్టికలు ఉచితంగా చూడవచ్చు. కొనకపోయినా చూడండి. ఏ వస్తువును ఎలా వర్ణిస్తారో, ఏ లోపాన్ని ఏ మాటతో చెబుతారో అక్కడ నేర్చుకోవచ్చు.

వేలానికి వెళ్లేముందు కన్ను తయారు కావాలంటే శుక్రవారం పల్లావరం సంతకు వెళ్లండి. ఒకప్పుడు ఆ చదువంతా సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్‌లో దొరికేది. 1985 మే నెలలో అది కాలిపోయింది. అక్కడి వ్యాపారుల్లో కొందరు పక్కనే అల్లికుళం సముదాయంలోకి మారారు. సంతలో యాభై రూపాయలు పెట్టి తప్పు చేస్తే యాభై రూపాయలే పోతాయి. ఆ తప్పులన్నీ అక్కడే చేసి రండి.

సరుకు చూపించే రోజే అసలు రోజు

ప్రతి వేలానికీ ముందు సరుకు చూసుకోవడానికి ఒకటి రెండు రోజులు ఇస్తారు. చాలామంది దాన్ని వదిలేసి నేరుగా పాట రోజున వస్తారు. అలా రాకండి. పాట మొదలయ్యాక ఆలోచించే వ్యవధి ఉండదు. ఆలోచించవలసిందంతా ముందురోజే ఆలోచించి రావాలి.

సంచిలో నాలుగు వస్తువులు పెట్టుకోండి: పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, చిన్న టార్చి, టేపు, పెన్సిలు. పెన్ను వద్దు, పాత కాగితం పక్కన సిరా ఉండకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, పూర్తిగా ఆరాక ముట్టుకోండి.

కట్ట ఉంటే విప్పించండి. పైన నాలుగు మంచివి పెట్టి లోపల చిరుగులు పేర్చడం పాత అలవాటు. ఒక్కోసారి దానికి తలకిందులుగా కూడా ఉంటుంది. ఒకసారి తమిళ పత్రికల కట్ట అడుగున నాకు పదకొండు తెలుగు పాటల పుస్తకాలు కనిపించాయి. పక్కన నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన చాలా నెమ్మదిగా, "బాబూ, ఆ మూడోది ఒకసారి తిప్పండి, వెనక అట్ట చూడాలి" అన్నారు. ఒకప్పుడు స్టూడియోలో లైట్ల విభాగంలో పనిచేశారట. ఆయన కొనడానికి రాలేదు, చూడటానికి వచ్చారు. వెనక అట్ట మీద సాంకేతిక నిపుణుల పేర్లు చదువుతూ రెండు చోట్ల వేలు ఆపి, "వీళ్లిద్దరూ మాతోనే భోజనానికి కూర్చునేవారు" అన్నారు. ఇలాంటి వారు కనబడితే పది నిమిషాలు ఆగి వినండి. పట్టికలో రాయని సంగతులు వాళ్ల దగ్గర ఉంటాయి.

వయసు తేల్చడం ఎలా

ఇక్కడ తొందర పడకండి. కాగితం తన వయసు తానే చెబుతుంది, చదవడం తెలియాలి.

మొదట వెల చూడండి. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. కాబట్టి పాటల పుస్తకం మీద ధర అణాల్లో ఉంటే అది ఆ తేదీకి ముందుదో, ఆ చుట్టుపక్కలదో అయి ఉండాలి. 'నయా పైసలు' అని ఉంటే 1957 తర్వాతది. 1964 జూన్‌లో 'నయా' అన్న మాట తీసేశారు. కాబట్టి ఉత్త 'పైసలు' అని ఉంటే సాధారణంగా ఆ తర్వాతది. ఒక ఉదాహరణ చెబుతాను. 'మాయాబజార్' విడుదలైంది 1957 మార్చి 27న. అణాల కాలం ముగియడానికి ఇంకా ఐదు రోజులే ఉంది. ఆ సినిమా పాటల పుస్తకం తెచ్చి, మొట్టమొదటి ముద్రణ అని ఎవరైనా చెబితే, నేను బొమ్మ కంటే ముందు ధర చూస్తాను. నయా పైసలు ఒక్కటే కనిపిస్తే, అది తర్వాతి ముద్రణ కావచ్చునన్న అనుమానంతోనే ధర కడతాను.

తర్వాత చిరునామా. అచ్చు వేసిన ప్రెస్సు పేరు, నిర్మాత చిరునామా అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. పాత రోజుల్లో 'మద్రాసు-17' అంటే టి.నగర్, 'మద్రాసు-26' అంటే వడపళని. ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. 600017 అని అచ్చయిన కాగితం 1960ల నాటిది కాజాలదు. మద్రాసు పేరు చెన్నైగా మారింది 1996లో. కాబట్టి 'చెన్నై' అని ఉన్న తెలుగు పోస్టరు సాధారణంగా ఆ తర్వాతిదే.

మూడోది అక్షరం. పాత పుస్తకాలను సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేసేవారు. అక్షరం కాగితంలోకి కొద్దిగా దిగబడేది. పుటను తిప్పి వెనకవైపు వేలికొసతో మెల్లగా నిమరండి. సన్నటి గరుకు తగులుతుంది. టార్చిని పక్కనుంచి పట్టుకుంటే అక్షరం దిగబడిన చోట్ల నీడలు కూడా కనిపిస్తాయి. పుట రెండువైపులా గాజులా నున్నగా ఉంటే అది సీసపు అచ్చు కాదు. ఒత్తుల ఆకారం కూడా చూడండి. కంప్యూటర్ అక్షరాలు వచ్చాక క్రింది ఒత్తులు, గుడి, కొమ్ము అన్నీ ఒకే తూకంలో ఉంటాయి. సీసపు అక్షరాల్లో ఒకే 'క్ష' పుటలో రెండు చోట్ల రెండు రకాలుగా అరిగి ఉంటుంది. తెలుగు చదువుతూ పెరిగిన కంటికి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. తెలుగు రాని వ్యాపారికి మాత్రం ఎంత చెప్పినా కష్టం.

నాలుగోది పిన్ను. నడుమ కుట్టిన ఇనుప పిన్ను తుప్పు పడుతుంది. ఆ తుప్పు మరక పక్క పుటకు, దాని పక్క పుటకు దిగుతూ, ప్రతి పుటలో సరిగ్గా అదే చోట, కొంచెం కొంచెం పలచబడుతూ వెళ్తుంది. పిన్ను కొత్తదై మరక పాతదైతే ఎవరో విప్పి మళ్లీ కుట్టారన్న మాట. నడుమ పుటలు లెక్కపెట్టండి. పాటల వరుస తెగిందేమో చూడండి.

పోస్టరు: భూతద్దం కింద

పోస్టర్ల దగ్గర మోసం ఎక్కువ, ఎందుకంటే డబ్బూ ఎక్కువే. పాత రంగు పోస్టర్ల మీద అద్దం పెడితే రంగు ఎలా పడిందో తెలుస్తుంది. ఆఫ్‌సెట్ అచ్చులో చుక్కలు వరుస తప్పకుండా, చిన్న చిన్న పూలు గుచ్చినట్టు ఉంటాయి. రాతి అచ్చులో ఆ వరుస ఉండదు. బలపంతో గీసినట్టు గరుకుగా, రంగు మీద రంగు పొరలుగా కనిపిస్తుంది. ఇప్పటి ఇంక్‌జెట్ ప్రింటులో రంగు పిచికారీ కొట్టినట్టు చెల్లాచెదురుగా పడి ఉంటుంది. ఈ మూడూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే జీవితాంతం మరిచిపోరు. ఇంట్లో ఉన్న పాత క్యాలెండరు, ఒక వారపత్రిక అట్ట, కంప్యూటర్ ప్రింటు ఒకటి తీసుకుని ఇవాళే చూడండి.

మడతలు చూడటం మాత్రం మరిచిపోవద్దు. థియేటర్లకు పోస్టర్లు మడతపెట్టి పంపేవారు. మడత దగ్గర రంగు రాలి తెల్లటి గీత పడుతుంది. అసలైన పోస్టరును ఫోటో తీసి మళ్లీ అచ్చు వేస్తే ఆ తెల్ల గీత కూడా బొమ్మలో భాగంగా అచ్చవుతుంది. కళ్లు మూసుకుని మడత మీద వేలు నడపండి. కంటికి కనిపించిన మడత వేలికి తగలకపోతే దాన్ని అక్కడే వదిలేయండి.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక వేలంలో చట్రం కట్టిన పోస్టరు ఒకటి పద్నాలుగు వేలకు పాడాను. మొదటి విడుదల నాటిది అని పట్టికలో ఉంది. అద్దం వెనక చాలా అందంగా కనిపించింది. ఇంటికి తెచ్చి చట్రం విప్పితే, చుట్టూ పెట్టిన అట్ట కింద అంగుళం మేర దాగి ఉన్న అడుగు భాగం బయటపడింది. అక్కడ ప్రెస్సు పేరు, దాని పక్కన ఆరంకెల పిన్ కోడ్ ఉన్నాయి. ఆ సినిమాకు, ఆ పిన్ కోడుకు మధ్య పదిహేనేళ్ల తేడా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి చట్రంలో ఉన్న దేన్నీ విప్పించి చూడకుండా పాడలేదు. విప్పడానికి నిర్వాహకులు ఒప్పుకోకపోతే, విప్పితే ఎంత నష్టం బయటపడవచ్చో అంత తగ్గించి ధర కట్టాను, లేదా లేచి వచ్చేశాను.

మళ్లీ విడుదలైన సినిమాల పోస్టర్లు దొంగవి కావు, కానీ పాతవి కూడా కావు. 'మాయాబజార్' రంగుల్లో 2010లో మళ్లీ వచ్చింది. అప్పటి పోస్టర్లను పాతవాటితో కలిపి అమ్మే వారున్నారు. పునర్విడుదల పోస్టరును పునర్విడుదల పోస్టరు ధరకే కొంటే తప్పులేదు.

చిత్రకారుడి సంతకం కోసం కూడా చూడండి. ఈశ్వర్ వంటి వారు గీసిన పోస్టర్లలో పేరు ఒక మూల చిన్నగా ఉంటుంది. నటుడి కోసం కాకుండా చిత్రకారుడి కోసం పోస్టర్లు పోగుచేసేవారు ఇంకా తక్కువమందే. కొత్తగా మొదలుపెట్టేవారికి అది మంచి దారి.

స్టిల్స్ సంగతి క్లుప్తంగా. పాత నలుపు తెలుపు ఫోటోను వెలుతురుకు వాలుగా పట్టుకోండి. అంచుల్లో, నల్లటి చోట్ల నీలి వెండి మెరుపు కనిపిస్తే అది ఏళ్ల తరబడి వెండి పైకి తేలడం వల్ల వచ్చింది. కొత్త ప్రింటుకు అది రాదు. వెనక ఫోటోగ్రాఫర్ ముద్ర, చేతిరాత ఉన్నాయేమో చూడండి. ఆటోగ్రాఫు అయితే భూతద్దం కింద సిరా గీత ఒకదాన్నొకటి దాటే చోట చూడండి. చేత్తో రాసినది ముదురుగా, కాగితాన్ని కొద్దిగా నొక్కుతూ ఉంటుంది. అచ్చయినది చుక్కలుగా విడిపోతుంది.

ఫిల్ము రీళ్లు దొరికితే ఇంటికి తేవద్దు. 1950ల తొలి ఏళ్ల దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా అంటుకుంటుంది, అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. తర్వాతి అసిటేట్ రీళ్లు పాడైతే వెనిగర్ వాసన వస్తుంది. రీలు కనబడితే పుణేలోని జాతీయ ఫిల్ము ఆర్కైవుకు కబురు చేయండి. 1964 నుంచి అది ఉన్నదే ఆ పనికి. మీ చేతిలో ఉన్న ఒక్క డబ్బాలో ఎక్కడా లేని సినిమా ఉండవచ్చు.

బొమ్మలు, పటాలు

బొమ్మల మీద మనసున్న వారికి రెండు మాటలు. చెన్నై ఇళ్లలో కొలువు మెట్ల మీదికి ఏటా దిగే మరపాచి అనే చెక్క బొమ్మల జంటలు, మట్టి బొమ్మలు అప్పుడప్పుడూ వేలానికి వస్తాయి. చెక్క బొమ్మకు కొత్తగా రంగు పూసి ఉంటే ధర సగం చేయండి. అడుగు భాగం చూడండి, ఏటా బట్ట మీద నిలబడి అరిగిన చెక్క నున్నగా ఉంటుంది. రేకు బొమ్మలకు తుప్పు కన్నా కొత్త రంగే ఎక్కువ నష్టం. తాళం తిప్పి చూడాలంటే అడిగి, అరచుట్టు మాత్రమే తిప్పండి. 'ఆక్యుపైడ్ జపాన్' అన్న ముద్ర ఉన్న బొమ్మ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952 లోపు తయారైంది. అసలు అట్టపెట్టె కూడా ఉంటే బొమ్మ ధరకు తోడు పెట్టెకూ కొంత ఇవ్వండి.

తంజావూరు పటాలతో మనకు చుట్టరికం ఉంది. ఆ కళను నిలబెట్టిన వారిలో విజయనగర పతనం తర్వాత తెలుగు నేల నుంచి దక్షిణానికి వెళ్లిన రాజుల, నాయుళ్ల కుటుంబాలున్నాయి. పాత పటాల్లో చెక్క మీద బట్ట అంటించి, సున్నపు పూతతో ఉబ్బెత్తుగా చేసి, బంగారు రేకు వేసేవారు. వెనక వైపు ప్లైవుడ్ కనిపిస్తే అది ఇటీవలిది. ముందు అందం చూసి కాదు, వెనక చెక్క చూసి ధర కట్టండి. రవివర్మ ప్రెస్సు బొమ్మలకు పోస్టర్ల సూత్రమే: భూతద్దం కింద చూడండి, అంచున ప్రెస్సు ముద్ర వెతకండి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు అవుతుంది. సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకు డెబ్బై ఐదేళ్లు చాలు. వాటిని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, కొన్ని రకాలను నమోదు చేయించాలి, దేశం దాటించకూడదు. రవివర్మ అసలు చిత్రాలు జాతీయ సంపదగా ప్రకటించినవి, వాటి ఎగుమతి నిషిద్ధం. ఏనుగు దంతం పొదిగిన వస్తువు ఎంత ముచ్చటగా ఉన్నా దాని జోలికి వెళ్లకండి, వన్యప్రాణి చట్టం దాన్ని కొననివ్వదు.

లెక్క

వేలంలో సుత్తి పడిన ధర మీరు కట్టే ధర కాదు. దాని మీద కొనుగోలుదారు రుసుము ఉంటుంది, ఎంతన్నది సంస్థను బట్టి మారుతుంది. దాని మీద పన్ను, ఆపైన రవాణా, దాచుకోవడానికి కవర్లు, చట్రం. పదివేలకు పాడారనుకోండి, రుసుము నూటికి పదిహేను అనుకోండి. అక్కడికే పదకొండు వేల ఐదు వందలు. మిగతావి కలిసేసరికి పదమూడు వేలు దాటుతుంది. అందుకని వెనక నుంచి లెక్క కట్టండి. నా చేతి నుంచి మొత్తం పోయేది ఎంత, అందులోంచి ఇవన్నీ తీసేస్తే పాట ఎంత దాకా వెళ్లవచ్చు? ఆ అంకెను పట్టికలో ఆ లాటు (ఒక్కసారిగా పాటకు పెట్టే సరుకు) పక్కన పెన్సిలుతో రాసుకోండి. ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. చెప్పిన అంకెను దాటడం రాసుకున్న అంకెను దాటినంత సులువు కాదు.

నిబంధనల కాగితం చదవండి. 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న మాట అందులో ఉంటుంది. అంటే లోపాలు చూసుకునే బాధ్యత మీదే. ధరావతు ఎంత, డబ్బు ఎన్ని రోజుల్లో కట్టాలి, సరుకు ఎన్నాళ్లలో తీసుకెళ్లాలి, ఆలస్యమైతే అద్దె ఎంత: ఇవి ముందే అడగండి.

పాట

మన భాషలో వేలంలో ధర చెప్పడాన్ని పాట పాడటం అంటాం. అందులో శ్రుతి తప్పకుండా ఉండటమే కష్టం. వెనక వరుసలో, ఒక పక్కగా కూర్చోండి. ఎవరెవరు పాడుతున్నారో అక్కడి నుంచి కనిపిస్తుంది. మీకు కావలసిన లాటుకు ముందు పది లాటులు ఊరికే వినండి. వేలందారు ఒక్కో మెట్టుకు ఎంత పెంచుతున్నారు, ఎంత వేగంగా సుత్తి కొడుతున్నారు, కనీస ధర అందక ఎన్ని వెనక్కి పోతున్నాయి, ఇవన్నీ చెవికి పట్టాలి.

మొదటి పాట మీరు పాడవలసిన పనిలేదు. ఇద్దరు ముగ్గురు పాడి, ఒకరు తగ్గాక చేయెత్తండి. మీ హద్దు ఎనిమిది వేలైతే ఎనిమిది వేల రెండు వందలని రాసుకోండి. చాలామంది గుండ్రటి అంకె దగ్గరే ఆగుతారు. ఆ రెండు వందలు నాకు రెండుసార్లు పని చేశాయి. హద్దు దాటితే చెయ్యి ఒళ్లో పెట్టుకోండి. అవతలివారు కోపంతో పాడుతున్నారనిపిస్తే మీరు తగ్గండి. అలాంటి కట్ట మళ్లీ రాదనిపిస్తుంది. ఈ ఊళ్లో అది మళ్లీ వస్తుంది, కొద్ది నెలలు పడుతుంది అంతే.

1930 నాటి వస్తు విక్రయ చట్టంలో వేలానికి ఒక విభాగమే ఉంది. సుత్తి పడేదాకా మీ పాటను మీరు వెనక్కి తీసుకోవచ్చు. సుత్తి పడ్డాక అమ్మకం పూర్తయినట్టే. అమ్మేవారు తమ తరఫున పాడించే హక్కును ముందుగా ప్రకటించకపోతే, వారు పాడటం చెల్లదు. ధర పెంచడానికి దొంగ పాట పాడించారని తేలితే ఆ కొనుగోలును రద్దు చేసుకునే హక్కు మీకుంది. హాల్లో ఒకే మనిషి ప్రతి లాటుకూ పాడి, సరిగ్గా చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంటే జాగ్రత్త పడండి.

ఆన్‌లైన్ వేలంలో చివరి నిమిషం దాకా ఆగి పాడాలన్న ఆలోచన ఎక్కువగా పనిచేయదు. చివర్లో పాట వస్తే చాలా చోట్ల గడువు పొడిగిస్తారు. హద్దు ధరను ముందే నమోదు చేసి కంప్యూటర్ మూసేయండి.

ఇంటికి వచ్చాక

రసీదు మీద లాటు నంబరు, తేదీ, వర్ణన ఉండేలా రాయించుకోండి. రేపు ఆ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు అదే జవాబు. నేను ఒక దస్త్రం పెట్టుకున్నాను. ప్రతి వస్తువుకూ ఒక పుట: రసీదు, ఫోటోలు, కొలతలు, ఎవరు ఏం చెప్పారో. స్టూడియోలో పనిచేసిన ఆ పెద్దాయన చెప్పిన పేర్లు కూడా అందులో ఉన్నాయి.

కొత్తగా వచ్చిన కాగితాన్ని పాతవాటితో వెంటనే కలపకండి. కవరులో మూసి ఒక నెల వేరుగా ఉంచండి. పుస్తకాల పురుగు గుడ్లు ఉంటే అప్పటికి తెలుస్తుంది. చిరుగులకు సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు పసుపు మరకై ఎప్పటికీ పోదు. లామినేషన్ చేయించిన పోస్టరు చచ్చిపోయినట్టే. పాలిస్టర్ కవర్లు వాడండి, పీవీసీ కవర్లు వద్దు. పోస్టర్లను పరిచి దాచలేకపోతే వెడల్పాటి గొట్టానికి చుట్టండి, మళ్లీ మడత పెట్టకండి. చెన్నై గాలిలో ఎప్పుడూ తేమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో గోడలు చెమర్చుతాయి. బీరువాను బయటి గోడకు జానెడు దూరం జరిపి, నేల నుంచి ఎత్తులో పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి మార్చండి. పెద్ద చిరుగులుంటే మీరు ప్రయత్నించకండి, కాగితం బాగుచేసే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లు గోధుమ పిండి జిగురు, పలచటి జపాను కాగితం వాడతారు. కావాలంటే తర్వాత దాన్ని తీసేయవచ్చు.

కట్టగా కొన్నదానిలో మీకు అక్కరలేనివి ఉంటాయి. తమిళ పుస్తకాలు, పత్రికలు. వాటిని పాత పేపర్ల దుకాణానికి వేయకండి. తరమణిలోని రోజా ముత్తయ్య గ్రంథాలయం పాత తమిళ అచ్చును కాపాడుతోంది, వారి దగ్గర లేనిది మీ దగ్గర ఉందేమో అడగండి. లేదా మార్చుకోండి. పల్లావరం సంతలో నాకు పరిచయమైన ఒక తమిళ మిత్రుడు ఉన్నారు. ఆయనకు తెలుగు అక్షరం రాదు, నాకు తమిళం కూడబలుక్కుంటే గానీ రాదు. నెలకో శుక్రవారం కలుస్తాం. ఆయన కట్టల్లో వచ్చిన తెలుగు పుస్తకాలు నాకు, నా కట్టల్లో వచ్చిన తమిళ పుస్తకాలు ఆయనకు. పోయిన నెల నేను పద్నాలుగు ఇచ్చాను, ఆయన తొమ్మిది తెచ్చారు. వాటిలో ఒకదాని లోపలి అట్ట మీద, 1958లో, ఎవరో అమ్మాయి గుండ్రటి తెలుగు అక్షరాల్లో 'ఈ పుస్తకం తీసినవారు దయచేసి తిరిగి ఇవ్వవలెను' అని రాసుకుంది. దాని అర్థమేమిటని ఆయన అడిగారు. చెప్పాను. మిగతా ఎనిమిదీ పక్కన పెట్టి, దానికి విడిగా కవరు వేసి తెచ్చుకున్నాను.